బావ ఎడమవైపు స్పీకరు

ఆ రోజుల్లో ఒక గదికి ఐదు స్పీకర్లను జత కూర్చడానికి మనుషులు పడిన పాట్లు ఇప్పుడు చెబితే, జేబులోని ఫోనులోనే పాటలు వినేవారెవరూ నమ్మరు. అందుకే ముందుగా నాకు నిశ్చయంగా తెలిసినదాన్నీ, ఇతరుల నోట విన్నదాన్నీ వేరు చేస్తాను. 2012 ప్రాంతంలో, వేసవి సెలవుల్లో, ఎల్లారెడ్డిలోని మా అక్క ఇంటి ముందుగదిలో హోమ్ థియేటర్ అమర్చే బాధ్యత నా మీద పడిందన్నది నిశ్చయం. కొలత టేపు పట్టుకొని సోఫా చుట్టూ మోకాళ్ల మీద పాకానన్నదీ నిశ్చయమే. నా ప్రయోగాల ధాటికి పక్కింటి బర్రె పాలివ్వడం మానేసిందన్నది మాత్రం విన్న మాట. ఆ బర్రె అంతకు ముందే ఒట్టిపోయి ఉందని నేను స్వయంగా వెళ్లి విచారించాను.

అప్పుడు నేను కామారెడ్డిలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. కొలవనిదాన్ని నమ్మకూడదన్నది నా నియమం (ఈ నియమం వల్ల చుట్టాల ఇళ్లలో నాకు మర్యాద తగ్గిందే కాని పెరగలేదు). బావ దుబాయ్‌లో జనరేటర్ల గదిలో పనిచేసేవాడు. రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చేవాడు. రోజంతా ఇంజన్ల మోత వినే మనిషికి సొంత ఇంట్లో మంచి పాట వినాలన్న కోరిక కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమంతా ఆ కోరిక ఎల్లారెడ్డికి చేరిన పద్ధతిలో ఉంది.

మా ప్రాంతంలో గల్ఫ్ నుంచి ఎవరు ఇంటికి వస్తున్నా, వారి పెట్టెలో పరిచయస్తుల వస్తువు ఒకటి ప్రయాణించడం రివాజు. బావ ఆంప్లిఫయరును తన సామానుతో తెచ్చుకొన్నాడు. స్పీకర్లు మాత్రం తనకన్నా ముందు ఊరికి వచ్చేవారికి తలా ఒకటి కొని తెమ్మని అప్పగించాడు. అందరికీ చెప్పిన మాట ఒకటే: "మంచిది చూసి ఒకటి తేండ్రి." మంచిదంటే ఏమిటో ఆయన చెప్పలేదు, వారు అడగలేదు. ఆ ఐదింటినీ నేల మీద వరుసగా పెట్టి చూశాను. తాడ్వాయి వ్యక్తి తెచ్చినది మనిషి కూర్చోగలిగినంత చెక్కపెట్టె. దోమకొండ వ్యక్తి తెచ్చినది కారు తలుపులో బిగించేది. మిగిలిన మూడింటిలో ఏ రెండింటికీ పోలిక లేదు. అన్నింటికన్నా చిన్నదాన్ని తెచ్చిన కామారెడ్డి చాచాను, ఇంత చిన్నది ఎలా ఎంచారని మర్యాదగానే అడిగాను.

"పెద్దదే కొన్న సార్," అన్నాడాయన ఏ సంకోచం లేకుండా. "ఆడ రూంల తూకమేస్తే సామాన్ల వజను ఎక్కువైంది. దుకాన్ల వాపస్ ఇచ్చి హల్కాది తీస్కున్న. మోగుడు మోగుడే కద సార్, పెద్దదైతేంది, చిన్నదైతేంది?"

ధ్వనిశాస్త్రానికి సంబంధించి అంతటి మాట నేను ఏ పాఠ్యగ్రంథంలోనూ చదవలేదు. ప్రతి స్పీకరూ ఆంప్లిఫయరుకు కొంత అడ్డు చూపుతుంది. దాన్ని ఓముల్లో లెక్కిస్తారు. అది మరీ తక్కువైతే ఆంప్లిఫయర్ వేడెక్కి చెడిపోవచ్చు. ముందువైపు కుడి ఎడమలు ఒకే రకానివి కాకపోతే పాట ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఇదంతా అక్కాబావలను ఎదుట కూర్చోబెట్టి వివరించాను. బావ శ్రద్ధగా విన్నాడు. అక్క బియ్యం ఏరుతూ విన్నది.

"ఎన్ని దినాలైనా కానీ బామ్మర్ది," అన్నాడు బావ. "జోడి కుదరాలె. ఒక్కపారి కమ్మగ ఇని, అప్పుడే టికెట్ తీస్త."

ఆ 'టికెట్' అన్న మాట దగ్గర అక్క చేయి చేటలో ఆగిపోయింది. తరువాత వంటింట్లో నన్ను పట్టుకొని, "తమ్మీ, మల్ల పోతడట. ఈసారన్న ఆగితే మంచిగుంటది," అంది. నాకు వెంటనే ఒక సిద్ధాంతం తోచింది. ఇంట్లో పాట అద్భుతంగా మోగితే, ఇల్లు వదిలి మోతలోకి పోవడానికి ఏ మనిషికైనా మనసు రాదు. ఆ సంగతి చెబితే అక్క నన్ను కాసేపు చూసి, "నిమ్మలంగ చెయ్యి తమ్మీ, తొందరేం లేదు," అంది. నా శాస్త్రీయ పద్ధతిని మెచ్చుకొన్న మొదటి బంధువు ఆమే అనుకొన్నాను.

చెక్కపెట్టెను ఒళ్లో పెట్టుకొని, దానికి జత వెతకడానికి బస్సులో కామారెడ్డి వెళ్లాను. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి జోడి యాడ దొరుకుతది సార్, దేశం కాని దేశంల పుట్టింది," అని పెదవి విరిచాడు. ఇతర స్పీకర్లకు ఎన్ని ఓములు, ఎంత శక్తికి ఎంత మోగుతాయి, లోపలి కోను దేనితో చేశారు అని నేను వరుసగా అడుగుతుంటే కొంతసేపు ఓపిక పట్టి, "మీరు స్పీకర్ కొంటున్నరా, పిల్లకు సంబంధం చూస్తున్నరా సార్? గోత్రం ఒక్కటే అడుగుతలేరు," అన్నాడు. చివరికి ఒకే తయారీకి చెందిన ఐదింటి సెట్టును, మల్టీమీటరుతో ఒక్కొక్కటీ కొలిచి మరీ తెచ్చాను. పాత చెక్కపెట్టె మీద అక్క పచ్చడి జాడీ పెట్టుకొంది.

అసలు దిగ్భ్రాంతి అక్కడి నుంచి మొదలైంది. కరెంటు ఉన్న వేళ చూసి అన్నీ బిగించి, బావను సోఫా మధ్యలో కూర్చోబెట్టి పాట పెట్టాను. ఆయన కళ్లు మూసుకొని విని, "ఎడమదిక్కు తక్కువుంది," అన్నాడు. కుడి స్పీకరును ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చాను. "ఎడమదిక్కే తక్కువుంది." అంటే దోషం స్పీకరుది కాదు. ఆంప్లిఫయరు వెనుక తీగలు అటువి ఇటు మార్చాను. "ఎడమదిక్కే." అంటే ఆంప్లిఫయరుదీ కాదు. ఎడమవైపు కిటికీ నుంచి ధ్వని బయటకు పోతోందేమోనని దానికి దుప్పటి కట్టాను. దుప్పటే ధ్వనిని పీల్చుకొంటోందేమోనని విప్పాను. రోజులు గడిచాయి. నేను కూర్చుంటే నాకు రెండు వైపులా సమానంగానే వినిపించేది. అందువల్ల నా చెవులనే అనుమానించాను. (పరికరాన్ని అనుమానించమనీ, పరిశీలకుణ్ణి అనుమానించమనీ నా చదువు నేర్పింది. బావ మాటను అనుమానించమని మాత్రం మా ఇళ్లలో ఏ చదువూ నేర్పదు.) అక్కను అడిగితే, "నాకేం ఎరుక, మీ బావకే ఎరుక," అని, చాయ్ గ్లాసుతో సోఫా చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కుడిచేతికి అందించి వెళ్లిపోయేది. నేలంతా నా తీగలే కాబట్టి వాటిని తప్పించుకొని నడుస్తోందనుకొన్నాను.

ఇక మార్చడానికి ఏమీ మిగలని ఒక మధ్యాహ్నం, ఏమీ తోచక, "ఒక్కపారి వెనుకకు మర్లి కూసోరాదు బావా," అన్నాను. ఆయన గోడ అలమరా వైపు తిరిగి కూర్చున్నాడు. అదే పాట పెట్టాను.

"ఇప్పుడు?"

"గట్లనే ఉంది. ఎడమదిక్కే తక్కువ."

కాని ఇప్పుడు ఆయనకు ఎడమవైపున ఉన్నది, ఇంతదాకా బ్రహ్మాండంగా మోగుతోందన్న కుడి స్పీకరు. పాట ఆపేసి, చేతి గడియారం విప్పి, వెనుక నుంచి ఆయన ఎడమ చెవికి ఆనించినంత దగ్గరగా పట్టుకొన్నాను.

"ఏం చేస్తున్నవ్ బామ్మర్ది?"

కుడి చెవి దగ్గరకు మార్చాను.

"గడియారం," అన్నాడు.

బావ మెల్లగా నా వైపు తిరిగి, "అంటే… లోపం స్పీకర్ది కాదన్నట్టేనా?" అన్నాడు. ఓములు, దూరాలు, దుప్పట్లు అన్నీ కొలిచిన నేను, వినే మనిషిని ఒక్కసారీ కొలవలేదు.

కామారెడ్డి చెవి డాక్టరు పరీక్షించి, ఏళ్ల తరబడి విన్న మోత వల్ల ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయిందనీ, అది తిరిగి రాదనీ, రెండోదైనా మిగలాలంటే జనరేటర్ల గదికి దూరంగా ఉండాలనీ చెప్పాడు. బావ టికెట్ తీయలేదు. ఎల్లారెడ్డి బజారులో విత్తనాల దుకాణం పెట్టుకొన్నాడు. ఆయనను ఆపినది డాక్టరు మాటా, భయమా, నా సిద్ధాంతం ప్రకారం పాటేనా అన్నది, ఒక్క మనిషి మీద ఒక్కసారి జరిగిన పరిశీలన నుంచి తేల్చడం కుదరదు.

ఈమధ్య వెళ్లినప్పుడు ఆ స్పీకర్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. తీగలు ఎప్పుడో గోడల్లోకి వెళ్లిపోయాయి, నేల ఖాళీగా ఉంది. అయినా అక్క చాయ్ తీసుకొని, సోఫా చుట్టూ తిరిగి వచ్చి, బావ కుడివైపు నిలబడింది. నా గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. ఆ వేసవిలో ఆమె తప్పించుకొని నడిచినది తీగలనేనా?

వంటింట్లోకి వెళ్లి అడిగాను. "అక్కా, బావ చెవి సంగతి నీకు ముందుగాలనే ఎరుకనా?"

"ఇంత సదివినోనివి, నీకే ఎరుకలేదు. నాకేం ఎరుకైతది?"

"మరి నిమ్మలంగ చెయ్యి అని ఎందుకన్నవ్?"

"చాయ్ సల్లారుతది, తాగు తమ్మీ."

ఈ ప్రశ్న కూడా ఇంకా తేలలేదు. తనకే తెలియకుండా కాళ్లకు అలవాటై కూడా అలా నడిచి ఉండవచ్చు. లేదా జోడి కుదరనంతకాలం టికెట్ ఉండదని లెక్క వేసుకొని, నన్ను మోకాళ్ల మీద పాకనిచ్చి ఉండవచ్చు. ఉన్న సాక్షి ఆమె ఒక్కతే. మళ్లీ అడిగితే మళ్లీ చాయ్ పోస్తుంది. బావను అడుగుదామంటే, ముందుగదిలోకి తిరిగి వచ్చి ఆ రోజు కూడా నేను అలవాటుగా, ఆయనకు వినిపించని ఎడమవైపే కూర్చున్నాను. కుడివైపు అక్క వచ్చి కూర్చుంది. మెడలో మల్టీమీటరు వేసుకొని, కిటికీకి దుప్పటి కట్టి విప్పిన అప్పటి కుర్ర లెక్చరరు గుర్తొచ్చాడు. అంత శ్రద్ధగా అతను కొలిచింది స్పీకర్లనా, అక్కకు కావలసిన రోజులనా అని తలచుకొని, చల్లారిన చాయ్ తాగేశాను.