బీరు సారుది, జైలు బావది

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు సౌదీలోని హుఫూఫ్‌లో రియాద్ రైలెక్కాను. నేను ఏసీ మెకానిక్‌ని. సెలవు అడిగితే ఫోర్‌మన్ మొహం మాడ్చుకున్నాడు. జైల్లో ఉన్న బావను చూడాలన్నాక ఇంకేమీ అనలేదు.

అక్క మొగుడు రాజేశం తబూక్ దగ్గర ఒక పొలంలో ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజీ చూసేవాడు. అక్కడే బీరు డ్రమ్ములతో దొరికిపోయాడు. నిజానికి ఆ బీరు పొలంలో యంత్రాలు బిగించడానికి వచ్చిన అమెరికా ఇంజనీరుది. వాళ్ల దేశపు లేతరంగు లాగర్ బీరు మీద ఆయన మనసు పడింది. యవలు, బియ్యం ఉడికించిన నీళ్లలో ఈస్ట్ కలిపి వారాల తరబడి చల్లగా ఉంచాలట. ఆ ఎడారిలో అంత చల్లదనం బావ చేతిలోనే ఉంది. "మా దగ్గర ఇళ్లలో అందరూ చేసుకుంటారు, వంటలాంటిదే" అని సారు బావ చేతే చేయించాడట. ఇక్కడ అది నేరమని బావకు తెలియక కాదు, సారు ఉన్నాడని ధైర్యం. డ్రమ్ములు పట్టుబడే నాటికి సారు పని ముగించుకుని, మళ్లీ రానక్కర్లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద విమానమెక్కేశాడు.

సరుకు తనదేనని సారు రాసిస్తే, ఆ కాగితంతో అధికారుల దగ్గరికి తానే వెళ్తానని బావను పనికి తెచ్చుకున్న సౌదీ యజమాని, కఫీల్, మాటిచ్చాడు. నేను సారుకు వాట్సాప్‌లో అంతా రాశాను. చదివాడు, జవాబివ్వలేదు.

రియాద్‌లో అయిదింటికి తబూక్ బస్సు. ఇకామా, అదే నివాస అనుమతి కార్డు, జేబులోనే ఉంచుకోండి, దారిలో అడుగుతారు. ఎడమ కిటికీ వద్దు, సాయంత్రమంతా ఎండ మొహాన కొడుతుంది. పక్క సీట్లో పాకిస్తానీ డ్రైవరు ఒకాయన నా ఖర్జూరాల పెట్టె చూసి ఎవరికని అడిగాడు. చెప్పగానే, "జైల్ మే? అందర్ నహీ జానే దేంగే, భాయ్" అన్నాడు, లోపలికి పోనివ్వరని. బావకని కొన్నవాటిని హాయిల్ చేరేలోపు ఇద్దరం తినేశాం.

ఆదివారం పది దాటాక తబూక్ జైల్లో అద్దం అవతల బావ కనిపించాడు. సగమైపోయాడు.

"సారు రాసిండా?" ఫోన్ ఎత్తగానే అదే ప్రశ్న.

"ఇంకా రాయలే బావా. అసలు నువ్వు తాగినవా దాన్ని?"

"ఒక్క గుక్క. ఉత్త చేదు. మన కల్లు ముందట అదెంత? సారు రాస్తడు తియ్యి. నా బర్త్‌డేకు కేకు తెచ్చిన మనిషి."

ఆ నమ్మకం చూస్తే ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

మూడింటికి తిరుగు బస్సెక్కాను. తబూక్ దారి మంచిది, బస్సులు వేళకు నడుస్తాయి. మీకు నాలాంటి పని మాత్రం పడకూడదు.

హాయిల్‌లో బస్సు ఆగినప్పుడు సారు మెసేజ్ వచ్చింది. చాలా బాధగా ఉందట, లాయరు ఏమీ రాయొద్దన్నాడట. కింద గ్లాసు ఫొటో పెట్టి, "నా గ్యారేజీలో చేస్తే మబ్బుగా వస్తోంది. రాజ్ అంత తేటగా ఎలా తెచ్చేవాడో అడిగి చెప్తావా?" అన్నాడు.

అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చదివి వినిపించాను.

"అడిగి చెప్తమని రాయి తమ్మీ. మేం చెప్తే ఆ కాగితం ఇస్తడా అని అడుగు."

కోపం దిగమింగి అలాగే రాశాను. బురైదా రాకముందే సారు నా నంబరు బ్లాక్ చేశాడు.