పిడికెడు తుపాకీకి బొటనవేలంత లైటు

నిరుడు దసరా ముందు మా ఇంటి కింది గోడౌన్లో ఒక దొంగల ముఠా దిగింది. వాళ్ళని ఎదుర్కోవడానికి నా తుపాకీకి లైటు బిగించుకోవలసి వచ్చింది.

పై రెండు వాక్యాల్లో తుపాకీ, లైటు, గోడౌను నిజం. దొంగల ముఠా మాత్రం ఒక పందికొక్కు. చేపల చెరువులు చూసుకున్న రోజుల్లో మేత బస్తాలు వేసుకోవడానికి పటమటలో మా ఇంటి కింద ఒక గది కట్టించాను. దానికి కిటికీల్లేవు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల ఎవరి చెయ్యి వాళ్ళకి కనపడదు. పందికొక్కు అందులో చేరింది. మొదటి రోజు కుక్కపిల్లంత ఉందన్నాను. వారం తిరిగేసరికి నా మాటల్లో అది దూడంత అయింది. మా ఆవిడ మాత్రం "ఎలకండీ అది" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

నిజానికి నా బాధ పందికొక్కూ కాదు, కళ్ళు. సాయంత్రమైతే బందరు రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి స్కూటరుకీ నాలుగేసి లైట్లు కనపడేవి. శుక్లాలని నాకు తెలుస్తూనే ఉంది. తుపాకీ లైసెన్సు రెన్యూవల్ రెండు నెలల్లో ఉంది. దానికి డాక్టరు కాగితం కావాలి. మా ఆవిడ వెంట రాకుండా నేను ఆసుపత్రి గడప తొక్కిన చరిత్ర లేదు. కళ్ళ సంగతి ఆవిడకి తెలిసిందో, ఒక చేత్తో స్కూటరు తాళాలు, ఇంకో చేత్తో తుపాకీ లాక్కుంటుంది. ఆ తుపాకీ ఇంట్లోంచి ఎప్పుడు పోతుందా అని ముప్పై ఏళ్ళుగా కాచుకుని ఉన్న మనిషి. అందుకని కళ్ళకి బదులు తుపాకీకి వైద్యం చేయిద్దామనుకున్నాను. చీకట్లో అదే చూసిపెడుతుంటే ఇక నా కళ్ళతో పనేముంది?

ఆ తుపాకీ చరిత్ర కూడా కొంత చెప్పాలి. కైకలూరు వైపు చెరువులున్నప్పుడు, చేపల డబ్బు సంచుల్లో తెచ్చుకునే రోజుల్లో తీసుకున్న లైసెన్సు అది. హనుమాన్ జంక్షన్లో నలుగురు దుండగులు నన్ను చుట్టుముట్టారనీ, నేను తుపాకీ తియ్యగానే కాళ్ళకి బుద్ధి చెప్పారనీ చుట్టాలందరికీ చెప్పాను. పెళ్ళిళ్ళలో అడిగి మరీ చెప్పించుకునేవారు. జరిగింది ఇది. టీ కొట్టు దగ్గర నిలబడి పంచె సర్దుకుంటుంటే మొలలోంచి తుపాకీ జారి బల్ల మీద టంగుమని పడింది. టీ తాగుతున్న నలుగురూ గ్లాసులు అక్కడే వదిలేసి పరిగెత్తారు. ఒకడు ఒక కాలి చెప్పు కూడా వదిలేశాడు. వాళ్ళ వీపులే చూశాను గానీ ముఖాలు చూడలేదు.

ఇన్నేళ్ళలో అది పేలింది ఒక్కసారి, కొన్న కొత్తలో, పనిచేస్తుందో లేదో చూడ్డానికి. అప్పుడు కూడా కళ్ళు మూసుకున్నాను.

గవర్నర్‌పేటలో తుపాకుల కొట్టాయన నాకు పాత పరిచయం. ఆయన కొట్టులో హంగేమీ ఉండదు. ఒక అద్దాల బల్ల, గోడకి రెండు పొడుగు తుపాకులు, కిర్రుమనే ఫ్యాను.

"పెద్ద లైటు చూపించవయ్యా. వేస్తే ఎదుటివాడు అక్కడే కూలబడాలి" అన్నాను.

"దేనికండీ బాబాయ్ గారూ? పొడుగు గన్నుకా?"

"పెద్దదే" అని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. గుళ్ళు ముందే తీసి ఇంట్లో పెట్టి వచ్చాను. ఆ మాత్రం జ్ఞానం ఉంది.

ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూశాడు. మూడంగుళాల గొట్టం. మొత్తం నా పిడికిట్లో దాక్కుంటుంది. నేను వేలు పెట్టి చూపించిన లైటు తీసి ఆయన దాని పక్కన పెట్టాడు. "దీనికి ఆ లైటు తగిలించలేమండీ. కావాలంటే ఆ లైటుకే దీన్ని తగిలిద్దాం" అన్నాడు.

రెండోది మధ్యరకం. చూడ్డానికి బాగుంది. "ఇప్పటి గన్నులకి గొట్టం కింద గాడి వస్తందండీ, లైటు అందులోకి జారిస్తే చాలు. మీది మా నాన్నగారి కాలం సరుకు, చుట్టూ పట్టీ వేసి బిగించాలి" అంటూ బిగించి చూపించాడు. నా రివాల్వరు మధ్యలో మడత దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది. అలా తెరిస్తే గొట్టం కిందికి వంగి, లోపలున్న గుళ్ళు ఆరూ ఒక్కసారి పైకి లేచి బయట పడతాయి. ఆ లైటు బిగించాక మాత్రం సగం వంగి ఆగిపోయింది. లైటు వెనక కొస ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీకి కొట్టుకుంటోంది.

"ఇక గుళ్ళు పెట్టేదెట్టా, తీసేదెట్టా? పొట్టి గన్నుకి పొట్టి లైటే బాబాయ్ గారూ."

మూడోది నా బొటనవేలంత. అద్దం రూపాయి బిళ్ళంత. బిగించి తెరిస్తే తుపాకీ చక్కగా వంగింది.

"ఇది దూరం పోతుందా? పొలం గట్టు అవతలిదాకా పోవాలి."

"మీరు వాడేది ఎక్కడండీ?"

"మా గోడౌన్లో."

"ఎంతుంటది?"

"పన్నెండడుగులు."

"మరి దూరంతో మీకేం పనండీ? అంత చిన్న గదిలో గట్టి లైటు వేస్తే గోడ మీంచి తిరిగొచ్చి ముందు మీ కళ్ళకే బైర్లు కమ్ముతాయి. ఇదైతే వెడల్పుగా, మెత్తగా పడతది." బొటనవేలు మీట మీద, చూపుడువేలు ట్రిగ్గరుకి పైగా తిన్నగా చాచి ఎలా పట్టుకోవాలో చూపించాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దీంతో దేన్ని చూడాలన్నా గన్ను దాని మీదికి తిప్పాల్సిందే. వెతుక్కోడానికి మాత్రం వేరే టార్చి వాడండి."

"నాకే చెప్తావా?" అన్నాను.

ఆ వారమే కరెంటు పోయిన ఒక సాయంత్రం దాంతో మంచం కింద చెప్పులు వెతికాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"చెప్పుల్ని కూడా కాలుస్తారేంటండీ?"

"ఖాళీదే ఇది."

"అయితే చేతులెత్తి బయటికి రమ్మనండి, అవే వస్తాయి."

ఆయుధ పూజ నాడు ఆవిడ స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, కత్తిపీట, వాటి చివర తుపాకీ వరసగా పెట్టింది. ఏటా అంతే. ఆ తుపాకీ అంటే ఎంత పడకపోయినా పూజలో లోటు చెయ్యదు. ఆవిడ బొట్టు పెడితే ధారాళంగా పెడుతుంది. గంధం మెత్తి, దాని మీద కుంకుమ అద్ది, పైన మళ్ళీ ఇంకాస్త అద్దుతుంది. తుపాకీకి బొట్టు ఎక్కడ పెట్టిందో నేను గమనించలేదు. గమనించే కళ్ళే ఉంటే ఆ లైటు కొనేవాణ్ణి కాదు.

మర్నాడు విజయదశమి. మధ్యాహ్నం భోజనానికి ముందు గోడౌన్లో చప్పుడైంది. బస్తాలు కదిలిన చప్పుడు, దాని వెంట ఏదో ఇత్తడి సామాను దొర్లిన చప్పుడు. దూడంత పందికొక్కు అని ఊరంతా చెప్పుకున్నాక ఇక వెనక్కి తగ్గడానికి లేదు. గుళ్ళు ఆరూ పెట్టుకుని దిగాను.

లోపలికి వెళ్ళి మీట నొక్కాను. లైటు పడలేదు. మళ్ళీ నొక్కాను. కళ్ళ ముందు ఎర్రటి మసక ఒకటి లేచింది, దానిమ్మ రసం ఒలికినట్టు. ఎటు తిరిగినా అదే. కళ్ళలో నరాలు చిట్లాయనుకున్నాను. ఇంతలో బస్తాల వెనక నుంచి ఏదో పెద్దది పైకి లేచింది.

"ఎవరది!" అని అరిచాను. తుపాకీ దాని మీదికే తిప్పి ఉంది. తిప్పకపోతే చూడలేను కదా.

"నేనేనండీ. బిందె కోసం తడుముకుంటున్నాను. ఎందుకలా అరుస్తారు?"

మా ఆవిడ.

తుపాకీ నేలకి దించి బస్తా మీద కూలబడ్డాను. "నా కళ్ళు పోయాయే" అన్నాను. ఎదురొచ్చే స్కూటర్లకి నాలుగు లైట్లు, డాక్టరు కాగితం, పందికొక్కు వంక పెట్టి లైటు కొనడం, మొత్తం అక్కడే కక్కేశాను. ఆవిడ అంతా విని, నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, వంగి ఆ లైటు కేసి చూసింది. కొంగుతో గట్టిగా తుడిచింది. తెల్లటి వెలుగు వచ్చి నేల మీద పడింది.

"కళ్ళూ పోలేదు, గిళ్ళూ పోలేదు. నిన్న నేను పెట్టిన బొట్టు ఇది!"

గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పందికొక్కునా నేను? దూడంత ఉన్నానా?" అని మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగింది.

"ఇందులో గుళ్ళున్నాయా?"

"లేవు" అన్నాను.

ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో అందుకుని గుడ్డ సంచిలో వేసి, బీరువాలో పెట్టి, తాళంచెవి మొలలో దోపుకుంది. "రేపు కొట్టు తెరవగానే ఇచ్చేసి, అట్నుంచటే కళ్ళాసుపత్రికి పోదాం." ఇక నోరెత్తే దారి లేదు. ఉన్నాయని చెబితే, గోడౌన్లో ఏం జరగబోయిందో కూడా చెప్పినట్టే.

మర్నాడు ఆటోలో సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. మా పటమట సందుల్లో ఇంటికొక స్పీడు బ్రేకరు. మొదటిదానికే సంచి ఆవిడ ఒళ్ళో ఎగిరి పడింది.

"ఆ సంచి ఇటివ్వు."

"ఎందుకు? దూకి పారిపోతారా?"

"బరువు కదా అని."

"పెళ్ళయిన దగ్గర్నుంచి కూరగాయల సంచి ముట్టుకోని మనిషికి ఇవాళ బరువు గుర్తొచ్చిందా?"

అయినా ఇచ్చింది. గొట్టం నా రెండు పాదాల మధ్య నేలకి ఉండేలా పట్టుకుని కూర్చున్నాను. గవర్నర్‌పేట ఇంత దూరమని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

కొట్టాయనతో "జాగ్రత్త" అనబోయాను. అప్పటికే ఆయన తుపాకీ గోడ వైపు తిప్పి, అలవాటుగా విరిచేశాడు. ఆరు గుళ్ళూ లేచి అద్దం మీద టపటపా పడ్డాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి మా ఆవిడ చేతి గాజుకి తగిలి ఆగింది.

కొట్టాయన ఫ్యాను కేసి చూశాడు. ఆవిడ ఆ గుండు కేసి చూసింది. నా కేసి చూడలేదు.

ముందు రోజు గోడౌన్లో నా బొటనవేలు మీట మీద ఉందని చెప్పగలను. చూపుడువేలు ఎక్కడుందో నాకు గుర్తు లేదు. ఈ ఒక్కచోట పెంచి చెప్పడానికి నాకు నోరు రాదు.

తుపాకీ అక్కడే అప్పగించి రసీదు తీసుకున్నాను. ఆవిడ లైటు మాత్రం విప్పించి తన సంచిలో వేసుకుంది. ఆటో ఎక్కాక కళ్ళాసుపత్రికి పోనివ్వమంది. బెంజి సర్కిల్ దగ్గర రోడ్డు కేసి చూస్తూనే అడిగింది.

"ఇంకా ఏమన్నా ఉన్నాయా చెప్పాల్సినవి?"

ఇక దాచి ఏం లాభమని హనుమాన్ జంక్షన్ సంగతి చెప్పాను. దుండగులు లేరని, పంచెలోంచి తుపాకీ జారిందని, టీ తాగేవాళ్ళు పారిపోయారని.

"అది తెలుసు."

"నీకెట్టా తెలుసు?"

"చెప్పు వదిలేసి పరిగెత్తింది మా తమ్ముడు. బావగారు వచ్చారు, పలకరిద్దామని లేచేసరికి తుపాకీ పడిందంట. కొత్త చెప్పులండీ అవి. వాడు ఇప్పటికీ అంటాడు."