దూదికి ఆపరేషన్

సత్తెనపల్లి పక్క పల్లెలో దేవకుమారికి రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో దేవకుమారి, మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల నోట్లో చెక్కబొమ్మ. పాస్టరు గారు హాస్యమాడితే జనమంతా నవ్వుతారు. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంటుంది. సొంత మొగుణ్ణి పూడ్చినరోజు కూడా వచ్చినవాళ్ళకు టీలు అందించిందే తప్ప కంట తడి పెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా కాయలు ఒలిచిన వేళ్ళకు కారం మంటే తెలియదు.

అలాంటి మనిషి ఇంటికి మనవరాలు క్రిస్టీనా కిందటేడు చీరాల నుంచి ఒక తెల్ల కుందేలును తెచ్చింది. పేరు దూది. దేవకుమారి దాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. కాకపోతే పని నుంచి రాగానే చేతులకు కొబ్బరినూనె రాసి, రెండుసార్లు సబ్బుతో తోముకుని, అప్పుడే దానికి ఆకు అందించేది.

ఈ వేసవిలో దూది తన రొమ్ముమీది బొచ్చు తానే పీక్కుని, మంచం కింద గూడు కట్టడం మొదలుపెట్టింది.

"కడుపుతో ఉందే ఇది. ఏ కుందేలు గోడ దూకిందో," అంది దేవకుమారి.

"మన ఊళ్ళో మగ కుందేలు కనబడితే కూరలోనే కనబడుద్ది అమ్మమ్మా," అంది క్రిస్టీనా.

మర్నాడు ఇద్దరూ దాన్ని మూతబుట్టలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కారు.

జంతువుల డాక్టరు అమానుల్లా గారు దూది పొట్టను మెల్లగా తడిమి, స్కాను చేశారు. "కడుపు లేదమ్మా. ఉందనుకుంటోంది, అంతే. ఆడ కుందేళ్ళకు ఇది మామూలే. అయితే గర్భసంచి తీయించడం మంచిది. ఉంచితే వయసు మీదపడ్డాక క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ."

ఆ మాట దేవకుమారి ఇంతకుముందే విన్నది. అప్పుడామెకు ఇరవై ఏడేళ్ళు. నడుంనొప్పి అంటే ఊరి ఆర్‌ఎంపీ ఆటోలో ఎక్కించుకుని ఒక నర్సింగుహోముకు తీసుకెళ్ళాడు. తీయకపోతే క్యాన్సర్ వస్తుందన్నారు. మొగుడు వేలిముద్ర వేశాడు. ఆ నెలలో వాళ్ళ వీధిలోనే ఐదుగురు ఆడవాళ్ళు అలా వెళ్ళొచ్చారు. తర్వాత ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఆపైన ఏదీ అంటకపోవడం. అదంతా దేనివల్లో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

"వద్దులే, పద," అని బుట్ట అందుకుంది.

"అమ్మమ్మా, చచ్చిపోద్ది అది."

"చచ్చిపోతావనే నాకూ చెప్పారు."

అమ్మమ్మ కడుపుమీది గాటు తన తల్లి పుట్టినప్పటిదని క్రిస్టీనా ఇన్నాళ్ళూ అనుకుంది.

డాక్టరు గారు ఒకసారి దేవకుమారిని చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఇప్పుడే చెప్పాలని లేదమ్మా. దీనికి ఏడాదే కదా, తొందరేం లేదు. మత్తు పడక చనిపోయే కుందేళ్ళూ ఉంటాయి, దాచను. మీకేం అడగాలని ఉందో అడగండి."

దేవకుమారి బుట్ట కింద పెట్టింది.

"సంచి ఒక్కటేనా, ఇంకేమన్నా తీసేస్తారా?"

"అండాశయాలు కూడా తీస్తామమ్మా."

"తర్వాత దానికి ఒంట్లో సెగలు పుడతయ్యా? నిద్ర పట్టక తిరుగుద్దా?"

"పుట్టవమ్మా. వీటికి మనలా ముట్లూ లేవు, ముట్లుడగడమూ లేదు. రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, దానికి మందిస్తాను."

"ముందురోజు పస్తు పెట్టాలా?"

"వద్దు. కుందేలు పొట్ట ఖాళీగా ఉండకూడదు. వచ్చేదాకా గడ్డి పెడుతూనే ఉండండి."

"నన్ను రెండు పూటలు పస్తుంచారు," అంది దేవకుమారి, ఎవరి సంగతో చెబుతున్నట్టు. తర్వాత కుందేలు చెవి వెనక వేలితో రాస్తూ, "తీసింది నాకు చూపించాలి," అంది.

"తీసిన సంచినా?"

"నాది నాకు చూపించలా. ఉందో లేదో, చెడిందో లేదో తెలీదు. దీనిది నేను చూడాలి. అట్టయితేనే తీసుకొస్తా."

డాక్టరు గారు నవ్వలేదు. "చూపిస్తానమ్మా," అన్నారు.

"చీటీ మీద రాయండి."

ఆయన వచ్చే నెల పద్దెనిమిదో తేదీ అని రాసి, దానికింద తెలుగులో ఇంకో వాక్యం రాశారు. దేవకుమారికి చదువు రాదు. బస్టాండులో క్రిస్టీనా చేత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది.

"డాక్టర్నే నమ్మకపోతే ఎట్టా చెక్కబొమ్మా?" అంది క్రిస్టీనా.

"ఇంకోసారి చదువు," అంది దేవకుమారి.