నేను రిబ్బను కత్తిరించిన ట్యాంకు

మా వార్డు మంచినీళ్ల ట్యాంకు కింద నేను మొదటిసారి ధర్నాకు కూర్చున్నప్పుడు నా పక్కన ఒక్క మనిషే ఉంది. మా ఎదురింటి అత్త. మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్లు ముస్లింలు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తా అని పిలిచాను, అదే నిలిచిపోయింది. ఆమె ఇంటి వెనక గోడకీ ట్యాంకు స్తంభానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ పక్కనే అంగన్‌వాడీ.

అప్పట్లో నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని తలెత్తితే ట్యాంకే కనిపించేది. స్తంభాల సిమెంటు ఊడిపోయి, లోపలి చువ్వలు తుప్పుపట్టి బయటికొచ్చాయి. పొద్దున నీళ్లు ఎక్కించేటప్పుడు పైనుంచి సన్నటి మూలుగు వినిపించేది. మిషను ఆపి వినేదాన్ని. వీధిలో అందరికీ అది అలవాటైపోయింది. నాకు కాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అంగన్‌వాడీ వరండాలో అరచేతి మందం పెచ్చు పడింది. పిల్లలు లోపల అన్నం తింటున్నారు కాబట్టి సరిపోయింది. ఆ పెచ్చును సంచిలో వేసుకుని నేనూ అత్తా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి కమిషనర్ గారి బల్ల మీద పెట్టాం.

"పైనుంచి మంజూరు రావాలమ్మా. మేం రాశాం. మీరు కంగారు పడకండి," అన్నాడాయన.

ఆ తర్వాత సోమవారం వస్తే బాపట్ల బస్సెక్కేవాళ్లం. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజది. అర్జీ ఇచ్చి వచ్చి ట్యాంకు కింద కూర్చునేవాళ్లం. మెల్లగా వీధి ఆడవాళ్లు కూడా వచ్చి చేరారు. నన్ను చూస్తే ఆఫీసు వాళ్లు తలుపు దగ్గరికేసే దాకా వచ్చింది.

అలాంటి రోజుల్లో మా ఊళ్లో రెండు రైసు మిల్లులున్న పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. మా వార్డు రిజర్వేషన్‌లో ఆడవాళ్లకు వచ్చింది.

"ఎన్నాళ్లు రోడ్డు మీద కూర్చుంటావమ్మా? లోపలికి రా. లోపలుంటే నీ ట్యాంకు పని నువ్వే చేయించుకోవచ్చు," అన్నాడు.

ఆయన వెళ్లాక అత్త వచ్చింది. "ఆయనకి నీతో పనేంటే?" అంది. అయినా నిలబడ్డాను, గెలిచాను. చైర్‌పర్సన్ పదవి కూడా ఆడవాళ్లకే. కౌన్సిల్లో ఉన్న రెండు వర్గాలు ఒకరి మనిషిని ఒకరు ఒప్పుకోక, ఎవరి మనిషీ కాదని నన్ను కూర్చోబెట్టారు. ఆ పెద్దమనిషి వైస్ చైర్మన్ అయ్యాడు. దండలు వేస్తున్నప్పుడు నా చెవి దగ్గర, "మీరు సంతకం పెట్టండమ్మా చాలు. మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు.

మొదటి నెలలోనే ట్యాంకు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నేను అడగకముందే వచ్చింది. అది చూసి సంతోషపడ్డానే గానీ అనుమానపడలేదు. స్తంభాలు గట్టిగానే ఉన్నాయి, మరమ్మతు చాలు అని ఇంజనీరు రాశాడు. పని చేసేది వైస్ చైర్మన్ బావమరిది. నేను సంతకం పెట్టాను. చువ్వల మీద సిమెంటు పూసి, నీలం రంగు వేశారు. రిబ్బను కట్టారు. కత్తెర నా చేతికిచ్చారు. చప్పట్లు ఆగగానే పైనుంచి ఆ మూలుగు మళ్లీ వినిపించింది. చుట్టూ చూశాను. ఎవరూ తలెత్తలేదు. అత్త మాత్రం నా వంకే చూస్తోంది.

వానలు పడ్డాక నీలం రంగు మీద గోధుమరంగు చారలు దిగాయి. అత్త ఆఫీసుకు వచ్చింది. బయట బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చుందట. నాకెవరూ చెప్పలేదు.

"మళ్లీ పగుళ్లొచ్చాయే," అంది.

"రాయిస్తాను అత్తా. పైనుంచి మంజూరు రావాలి. నువ్వు కంగారు పడకు."

"ఈ మాట మనిద్దరం ఈ ఆఫీసులోనే విన్నామమ్మా," అని లేచి వెళ్లిపోయింది. అప్పటిదాకా నన్ను ఒసే, ఏమే అనే మనిషి అమ్మా అంది. వెనకే వెళ్లి ఆపాల్సింది. గుమ్మం దాకా వెళ్లాను. కాంట్రాక్టర్లు లేచి నమస్కారం పెడితే ఆగిపోయాను.

ఇంజనీరుకు రాశాను. రెండుసార్లు గుర్తు చేశాను. అంతే చేశాను. వేసవి వచ్చింది. ఒక ఉదయం అత్త వెనక సందులో బట్టలు ఆరేస్తుంటే పైన ట్యాంకు చుట్టూ ఉన్న నడవ అంచు విరిగి ఆమె భుజం మీద పడింది. తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి మాత్రం ఇక పైకి లేవదన్నారు.

తెనాలి నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి, ట్యాంకు ఖాళీ చేయమనీ, చుట్టుపక్కల ఇళ్ల వాళ్లను బడిలోకి మార్చమనీ రాతపూర్వకంగా ఆర్డరిచ్చాను. వైస్ చైర్మన్ పరుగున వచ్చాడు.

"ఎండాకాలం తల్లీ. నీళ్లాపితే జనం నీ మీదికే వస్తారు."

"రానివ్వండి."

వచ్చారు. నాతో ధర్నాలో కూర్చున్న ఆడవాళ్లే ఖాళీ బిందెలు నా గుమ్మం ముందు పెట్టి తిట్టారు. వాళ్లను ఏమనగలను? పదకొండో రోజు పట్టపగలు, గాలీ వానా లేకుండా, ఖాళీ ట్యాంకు ఒక పక్కకు వాలి కూలింది. అత్త ఇల్లు, అంగన్‌వాడీ వరండా నేలమట్టమయ్యాయి. లోపల ఎవరూ లేరు. తిట్టిన వాళ్లే వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొత్త ట్యాంకు ఫైలు వచ్చింది. మళ్లీ ఆ బావమరిదే. సంతకం పెట్టనన్నాను. వైస్ చైర్మన్ కోప్పడలేదు. టీ తెప్పించాడు. "మీ ఇష్టమమ్మా. పాత ఫైలు మీద మీ సంతకం ఉందిగా, అది మా దగ్గర భద్రంగానే ఉంది," అన్నాడు.

ఆ వారం కౌన్సిలర్ల ఫోన్లు ఒక్కొక్కటే స్విచాఫ్ అయ్యాయి. ఇళ్లకు వెళితే, క్యాంపుకు వెళ్లారండి, ఎక్కడికో తెలియదండి అన్నారు. నా మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం రోజు అందరూ ఒకే బస్సు దిగి నా ముందు నుంచే లోపలికి వెళ్లారు. ఒక్కరూ నా మొహం చూడలేదు. నాకు ఒక్క ఓటు వచ్చింది, నాదే.

మరుసటి సోమవారం బాపట్ల వెళ్లి నేనే ఒక కాగితం రాసిచ్చాను. ఆ మరమ్మతు ఎలా జరిగిందో, ఎవరు చేశారో, నేను ఏమీ చూడకుండా ఎలా సంతకం పెట్టానో అంతా రాశాను. కాగితం తీసుకున్న ఉద్యోగి చదివి, "ఇది మీ మీదే మీరు ఇస్తున్నారండి, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను.

విచారణ మొదలైంది. స్తంభాలు బాగాలేవని ముందే చెప్పానంటూ ఇంజనీరు మాట మార్చాడట. తప్పంతా నా సంతకానిదే అంటున్నారట. మా వీధిలో తెలియని బండి ఒకటి రోజూ కాసేపు ఆగి వెళ్తోంది. కొత్త ట్యాంకుకు అదే చోట గుంటలు తవ్వుతున్నారు.

మొన్న రేపల్లె వెళ్లాను. అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. వచ్చే వారం నన్ను విచారణకు పిలిచారని చెప్పాను. ఆమె ఎడమచేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

"ఏ రోజో చెప్పవే. నేనూ వస్తాను," అంది.