జవాబు రాని మెచ్చుకోలు ఉత్తరం

నీళ్ల శాఖకు నేను చాలా అర్జీలు రాశాను. ఫిర్యాదులకు ఆలస్యంగానైనా, విసుక్కుంటూనైనా ఏదో ఒక జవాబు వచ్చింది. మెచ్చుకుంటూ రాసిన ఒకే ఒక్క ఉత్తరానికి మాత్రం ఇంతవరకూ అతీగతీ లేదు.

ఎనభైల చివర్లో ఫిల్మ్‌నగర్ గుట్ట దిగువన బస్తీలో ఉండేవాళ్లం. నేను సినిమా సెట్లు వేసే వడ్రంగిని. నా భార్య గుంపులో నిలబడే వేషాలు వేసేది. వీధి కుళాయికి నీళ్లు తెల్లవారుజామున ఐదింటికి వచ్చేవి. సరిగ్గా అప్పుడే షూటింగు వ్యాను రోడ్డు మీదికి వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకునేది. నేను అంతకన్నా ముందే సెట్టుకు వెళ్లాలి. బిందె పట్టుకుంటే ఆమెకు వ్యాను పోయేది, వ్యాను ఎక్కితే ఇంట్లో చుక్క ఉండేది కాదు. మూడోసారి తప్పితే ఇక పిలవనన్నాడు వేషాలు ఇప్పించే ఏజెంటు. అప్పటికి రెండుసార్లు అయిపోయాయి.

"నీళ్లా, పనా? మీరే తేల్చండి," అంది ఆవిడ.

వేళ మార్చమని నీళ్ల ఆఫీసులో అర్జీ ఇస్తే గుమాస్తా దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఆ గుండ్రటి మరక నాకింకా గుర్తుంది. నాలుగోసారి వెళ్లినప్పుడు, నీళ్లు వదిలే లైన్‌మన్ నవ్వాడు.

"ఏందన్నా, మళ్ల వచ్చినవా? గీడనే కుర్చీ ఎయ్యాల్నా నీకు?"

"అక్కర్లేదు. వడ్రంగిని, నేనే చేసి తెచ్చుకుంటా."

లోపలున్న కొత్త ఇంజనీరు ఈ మాటలు విన్నాడు. మర్నాడు ఐదింటికి స్కూటరు మీద బస్తీకి వచ్చాడు. ఆ పూట నేను పనికి ఆలస్యం చేసుకుని బిందెతో కుళాయి దగ్గరే ఉన్నాను. కుళాయి దగ్గర సగం బిందెల పక్కన మనుషులే లేరు.

"గీళ్లంత ఏడికి పోయిన్రు?"

"వ్యాను దగ్గరికండీ," అన్నాను.

నన్ను వెనక ఎక్కించుకొని అక్కడికే వెళ్లాడు. మొహానికి పౌడరు రాసుకుని నిలబడ్డ ఆడవాళ్లను అడిగాడు: "అమ్మా, నీళ్లు ఎన్ని గంటలకు గావాలె? మీరే చెప్పుండ్రి."

ప్రభుత్వం మనిషి మమ్మల్ని అలా అడగడం అదే మొదలు. తలా ఒక వేళ చెప్పారు. చివరికి నా భార్యే, "సాయంత్రం ఏడింటికైతే అందరం ఉంటామండీ," అంది.

"గట్లనే అందరు కూసోని, ఒక్క మాట మీద రాసియ్యిండ్రి. మిగతాది నేను చూస్త."

బిందెల దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లే ఆ ఆదివారం పక్కపక్కన కూర్చుని ఏడింటి అర్జీ మీద వేలిముద్రలు వేశారు. నీళ్ల వేళ మారేదాకా నేనే పనికి ఆలస్యంగా వెళ్లి బిందెలు నింపాను. మేస్త్రీ తిట్లూ మర్చిపోలేదు. కానీ ఆవిడకు మూడోసారి వ్యాను తప్పలేదు. ఏడింటి నీళ్లు వచ్చాయి. అలా కలిసి కూర్చోవడం అలవాటై, తర్వాత వీధి దీపాలు అడిగి వేయించుకున్నాం, పిల్లలకు టీకాలు వేసే నర్సునూ రప్పించుకున్నాం. ఆ బస్తీ ఒక ఊరులా నిలబడిందంటే, ఆ ఇంజనీరు అడిగిన ఒక్క ప్రశ్న వల్లే.

ఆయనకు బదిలీ అయినప్పుడు, ఆయన ఫైల్లో పెట్టమని బస్తీ అంతా వేలిముద్రలు వేసిన మెచ్చుకోలు ఉత్తరం ఆఫీసులో ఇచ్చాను. తొంభైల్లో రెండుసార్లు వెళ్లి అడిగాను. "కంప్లైంట్ లేకుంటే ఏ రిజిస్టర్ల రాయాలె?" అన్నాడు అదే గుమాస్తా.

నీళ్ల శాఖవారూ, ఏ రిజిస్టరో మీరే వెతకండి. ఆ ఉత్తరం ఆయన ఫైల్లో చేరిందా, లేదా? ఎవరో ఒకరు నాకు చెప్పి తీరాలి.