మూసలో గడ్డకట్టిన కంచు

నంద్యాలలో మా పోత కొలిమి బొగ్గుతో నడిచినంత కాలం నాయనకు కరెంటుతో పని లేదు. మంట రంగు చూసి కంచు కరిగిందో లేదో చెప్పేవాడు. పొగకు ఆయన దగ్గు ముదిరిందని, బొగ్గు వేడి సగం గాలిపాలవుతోందని పోరుపెట్టి కరెంటు కొలిమి పెట్టించింది నేనే. కొత్తదంటే నాకంత పిచ్చి.

దాంట్లో మంట కనపడదు. నాయన కంచు కరిగించే మూస మీదికి వంగి లోపలి రంగు తేల్చుకోవడానికి చాలాసేపు పట్టేది. నేనేమో మీటరు వైపు చూస్తూ, యూనిట్లు ఊరికే కాలిపోతున్నాయని సణిగేవాడిని.

ఆ రోజు ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఊరి గుడికి గంట పోయాలి. ఊరి పెద్దలు నలుగురు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. పదకొండుకు లైను ఆపుతారని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. చెబితే నాయన పని మాపటికి వాయిదా వేస్తాడు, నా కొలిమిని వాళ్ల ముందే తిట్టిపోస్తాడు. అంతలోపు అయిపోతుందిలే అనుకొని ఊరుకున్నాను.

కంచు కరిగింది. ఇంకా రంగు రాలేదన్నాడు నాయన. పోసేద్దామని రెండు మూడుసార్లు తొందరపెట్టాను గానీ కారణం చెప్పలేదు. కరెంటు పోయింది. చాలని వేడితో పోస్తే అచ్చు నిండదు. బొగ్గయితే చేత్తో తిత్తి ఊదైనా నిలబెట్టేవాళ్లం. మా కళ్లముందే కంచు చిక్కబడి, మూసలోనే గడ్డకట్టింది.

మా పోతపనివాళ్లకు ఒక పట్టింపు ఉంది. మూసలో లోహాన్ని చల్లార్చుకున్న మేస్త్రి మళ్లీ గరిటె పట్టడు. నలభై ఏళ్లలో నాయనకు ఆ గతి పట్టలేదు. ఇంకోసారి పోద్దువులే పెద్దాయనా అని ఊరివాళ్లు సర్దిచెప్పారు. ఆయన చేతులకు చుట్టుకున్న గుడ్డలు విప్పి గరిటె నాకిచ్చాడు.

"ఇంగ నేను పట్టనప్పా" అన్నాడు వాళ్లతో.

మరుసటి వారం ఆ గంట నేనే పోశాను. బాగానే వచ్చింది. బాగా వచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

నాయన దగ్గు తగ్గింది. ఇప్పటికీ రోజూ వచ్చి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, లోపలికి మాత్రం రాడు. నిన్న టీ ఇవ్వబోతే నా ముఖంకేసి చూడకుండా అన్నాడు.

"ఆ పొద్దు నా చెయ్యి నిదానమైపాయ గదరా. పోద్దామని నువ్వు చెప్తానే ఉంటివి. నేనే ఇనకపోతి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "పోనీలే నాయనా" అన్నాను, ఆయన తప్పును నేను క్షమించినట్టు.