కుక్కల తిండి, డాక్టరుగారి బీపీ మాత్రలు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్ అనే ఊళ్లో దిక్కులేని కుక్కలను సాకే ఒక ధార్మిక సంస్థలో లీగల్ ఆఫీసర్‌గా చేరాను. నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు రిటైర్డ్ సర్జన్ రామ్మోహనరావుగారిది. అప్పటికి ఆయన వయసు ఎనభై రెండు.

ఆయన అడిగింది గిఫ్ట్ యాన్యుటీ. అంటే దాత ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాడు. సంస్థ ఆయనకు బతికినంతకాలం నెలనెలా కొంత చెల్లిస్తుంది. దాత తిరిగి కొంత పుచ్చుకుంటున్నాడు కనుక చట్టం దాన్ని పూర్తి విరాళంగా ఒప్పుకోదు. అంతే నెలసరి రాబడిని బయట కొనాలంటే ఎంతవుతుందో లెక్కగట్టి, ఆ ధర పోగా మిగిలినదానికే పన్ను రసీదు ఇవ్వాలి. రసీదు తగ్గినందుకు డాక్టరుగారు గంటసేపు వాదించి, చివరికి సంతకం పెట్టారు.

ఏడాది తిరిగాక ఆయన భార్య కమలగారు ఫోన్ చేశారు.

"మూర్తిగారూ, మీరేం పేపర్లు సైన్ చేయించారో గానీ, ఈయన బీపీ టాబ్లెట్లు మానేశారండీ! వాకింగ్ కూడా స్టాప్ చేశారు. నేను బతికేకొద్దీ ఆ కుక్కల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నా అంటున్నారు."

నా సర్వీసులో అటువంటి ఫిర్యాదు ఎన్నడూ వినలేదు. ఫైలు పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాను. డాక్టరుగారు సోఫాలో ముడుచుకుని, మా సంస్థ పంపిన క్యాలెండరులోని కుక్కపిల్లకేసి తప్పు చేసినవాడిలా చూస్తున్నారు.

ఒప్పందంలో ఆరో పేజీ తీసి చూపించాను. ఆయన ఇచ్చిన సొమ్ములో కొంత పెట్టి మా సంస్థ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర యాన్యుటీ కొనేసింది. మిగిలినదానితో కుక్కల షెడ్డుకు హీటర్లు పెట్టించింది. నెలనెలా ఆయనకొచ్చే డబ్బు ఆ కంపెనీ నుంచే వస్తోంది.

"అయితే నేను నూరేళ్లు బతికితే కుక్కలకు నష్టం లేదా?"

"లేదండీ. ఇన్సూరెన్స్ కంపెనీకే."

ఆయన చటుక్కున లేచి కూర్చున్నారు. "ఇన్సూరెన్స్ వాళ్లకా? సర్వీసంతా వాళ్ల ఫారాలు నింపలేక చచ్చాను! కమలా, ఆ టాబ్లెట్లు ఇలా తే."

ఆ సాయంత్రమే మంచులో వాకింగ్‌కు వెళ్లారట. వారం తిరక్కుండా జిమ్‌లో చేరారు. ఏటా తన పుట్టినరోజున నాకు ఫోన్ చేసి, "నేను ఫిట్‌గా ఉన్నానయ్యా. పాపం, ఆ కంపెనీ ఎలా ఉంది?" అని అడుగుతారు. మొన్ననే తొంభై నిండాయి.

రసీదు గురించి గంటసేపు చెప్పిన నేను, నెలనెలా డబ్బు ఎవరిస్తారో ఒక్కసారీ చెప్పలేదు. కాగితంలో రాసి ఉందిగదా అనుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ దాత వచ్చినా ఆయన ఎక్కువకాలం బతికితే ఎవరికి నష్టమో ముందు చెప్పి, ఆ పైనే రసీదు సంగతి ఎత్తాను.